హైపో సీసా మీద పేరు పూర్తిగా చదవండి: గ్రాములు, మోల్స్ లెక్క ఎక్కడ తప్పుతుంది

భీమవరం దగ్గర ఆక్వా ల్యాబులో కొత్తగా చేరానని, డిగ్రీలో కెమిస్ట్రీ చదివినా మోల్స్‌ని గ్రాముల్లోకి మార్చేటప్పుడు గుణించాలో భాగించాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నానని రాశారు. దాంతోపాటు మూడు సంగతులు అడిగారు. తెల్లవారుజామున తెచ్చిన రొయ్యల చెరువు నీటికి వింక్లర్ పద్ధతిలో (హైపో ద్రావణాన్ని చుక్కచుక్కగా కలిపి కొలిచే పద్ధతి) డిఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు 8.2 మిల్లీగ్రాములు వస్తోంది, గట్టు మీద మీటరు మాత్రం 5.2 చూపిస్తోంది, తప్పు దేనిది? వంద కిలోల సున్నపురాయి కాలిస్తే యాభై కిలోల సున్నం, యాభై కిలోల గ్యాసు ఎందుకు రావు? ఆల్కలినిటీ (నీటికి ఆమ్లాన్ని తటస్థం చేసే శక్తి) పెంచడానికి సోడా ఎన్ని కిలోలు వెయ్యాలని రైతు అడిగితే లెక్క ఎలా కట్టాలి?

ముందు డిఓ సంగతి చెబుతానండి. ఆ అంకె చూసుకుని రైతు ఏరియేటర్లు ఆపేస్తాడు కాబట్టి ఆ జవాబు ఆలస్యం కాకూడదు. తప్పు మీటరుది కాదు, మీ హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణానిది. లీటరుకు 3.95 గ్రాముల హైపో కలిపానని మీరే రాశారు. ఫోనులో సోడియం థయోసల్ఫేట్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములో, వెతికితే 158.11 అని వచ్చి ఉంటుంది, కావలసిన బలం 0.025 మోలార్ (లీటరుకు 0.025 మోల్స్) కాబట్టి దాన్ని 0.025తో గుణించి ఉంటారు. ఆ 158.11 నీరు లేని పొడిది. ల్యాబుల్లో మామూలుగా దొరికేది పెద్ద పెద్ద పారదర్శకమైన స్ఫటికాలు. సీసా మీద సోడియం థయోసల్ఫేట్ పక్కన చిన్న అక్షరాలతో పెంటాహైడ్రేట్ అని ఉంటుంది. అంటే ఒక్కో థయోసల్ఫేట్‌తో పాటు ఐదు నీటి అణువులు స్ఫటికంలోనే కూర్చుని ఉంటాయి. దాని మోలార్ ద్రవ్యరాశి 158.11 + 5 × 18.015, అంటే 248.18. 0.025 మోలార్ ద్రావణానికి లీటరుకు 6.205 గ్రాములు పడాలి.

మీరు వేసిన 3.95 గ్రాముల్లో ఉన్న మోల్స్ 3.95 ÷ 248.18 = 0.0159. ద్రావణం అనుకున్న దానికన్నా పలచన. పలచన ద్రావణం బ్యూరెట్ (గీతలున్న కొలత గొట్టం) లోంచి ఎక్కువ దిగుతుంది, ఎక్కువ దిగింది కాబట్టి ఆక్సిజన్ ఎక్కువ ఉందని లెక్క చెబుతుంది. ఎంత ఎక్కువ? 248.18 ÷ 158.11 = 1.57 రెట్లు. మీటరు చూపించిన 5.2ని 1.57తో గుణించి చూడండి, 8.2 వస్తుంది. ఇంత కచ్చితంగా సరిపోయిందంటే ఇంక వేరే కారణం వెతకక్కర్లేదు. ఆ ద్రావణంతో ఇప్పటిదాకా రిజిస్టరులో రాసిన డిఓ విలువలన్నీ 0.637తో గుణించి పక్కన ఎర్ర ఇంకుతో సవరించండి. ఆ చెరువుల రైతులకు ఈ రోజే ఫోను చేసి చెప్పండి. 5 అనుకున్నది నిజానికి 3.2 అయితే ఆ చెరువులో రాత్రిపూట రొయ్య ఇబ్బంది పడుతున్నట్టే.

ఇంకో మాట. 30 డిగ్రీల మంచినీటిలో గాలితో సమతుల్యంలో ఉండగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు, ఉప్పునీటిలో ఇంకా తక్కువ. మధ్యాహ్నం ఎండలో పచ్చటి నీరున్న చెరువులో అంతకు మించి రావచ్చు. కానీ రాత్రంతా రొయ్యలూ ప్లాంక్టనూ (నీటిలో తేలే సూక్ష్మజీవులు) శ్వాసించాక, తెల్లవారుజామున డిఓ రోజు మొత్తంలోకీ అట్టడుగున ఉండే వేళ, 8.2 వచ్చిందంటే అంకెను కాగితం మీద పెట్టకముందే అనుమానించాలి. లెక్క ఎంత బాగా చేసినా ఈ అనుమానం దానికి తోడుండాలి.

ఇప్పుడు గుణకార భాగహారాల సంగతి. మోల్ అంటే ఒక లెక్క, అంతే. 2019 మే 20 నుంచి దాని నిర్వచనం కూడా అదే: 6.02214076 × 10²³ కణాలు ఒక మోల్. అంబాజీపేటలో కొబ్బరికాయ బేరం వెయ్యి కాయల లెక్కన సాగుతుంది. వెయ్యి కాయలు అంటే అవి పెద్దవైనా చిన్నవైనా వెయ్యే, కాటా మీద పెడితే మాత్రం తూకం వేరు. మోల్ కూడా అంతే. ఏ పదార్థమైనా ఒక మోల్‌లో కణాల సంఖ్య ఒకటే, తూకం పదార్థాన్ని బట్టి మారుతుంది. ఆ పదార్థం ఒక్క మోల్ ఎన్ని గ్రాములు తూగుతుందో అదే మోలార్ ద్రవ్యరాశి.

గ్రాములను మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మోల్స్. మోల్స్‌ని దాంతో గుణిస్తే గ్రాములు. ఇది గుర్తుండకపోతే ఒక్కటి చూసుకోండి: ప్రపంచంలో అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ పరమాణువుకు కూడా మోలార్ ద్రవ్యరాశి 1.008. అంటే ఒకటి కన్నా తక్కువ ఏదీ లేదు. కాబట్టి ఏ పదార్థానికైనా మోల్స్ అంకె గ్రాముల అంకె కన్నా చిన్నదే. 50 గ్రాముల సున్నపురాయికి 5000 మోల్స్ అని వచ్చిందంటే భాగించాల్సిన చోట గుణించారన్న మాట. యూనిట్లు పక్కన రాసుకుంటూ పోతే ఇది కూడా అక్కర్లేదు. గ్రాములను గ్రాములు/మోల్‌తో భాగిస్తే గ్రాములు కొట్టుకుపోయి మోల్ మిగులుతుంది, గుణిస్తే గ్రాముల వర్గం/మోల్ అనే అర్థం లేని యూనిట్ మిగులుతుంది.

యూనిట్ ఒక్కటే రాస్తే చాలదు. పదార్థం పేరు కూడా రాయండి. నా దృష్టిలో ఈ లెక్కల్లో అన్నిటికన్నా ముఖ్యమైన అలవాటు ఇదే. '5.2 గ్రాములు' అని ఎప్పుడూ రాయొద్దు. '5.2 గ్రాముల ఆక్సిజన్', '6.205 గ్రాముల హైపో పెంటాహైడ్రేట్', '1941 మోల్స్ కాల్షియం కార్బొనేట్' అని రాయండి. పరీక్షల్లో గానీ ల్యాబుల్లో గానీ జరిగే తప్పుల్లో చాలా మటుకు కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉంటాయి. ఒక పదార్థం గ్రాములను ఇంకో పదార్థం మోలార్ ద్రవ్యరాశితో భాగించడం దగ్గరే లెక్క పక్కదారి పడుతుంది. పేరు రాసి ఉంటే కన్ను వెంటనే పట్టుకుంటుంది. మీ హైపో విషయంలో జరిగిందీ అదే.

కిలోలను గ్రాములుగా మార్చి సున్నాలు పెంచుకోవడం కూడా అక్కర్లేదండి. మిల్లీగ్రాములను మోలార్ ద్రవ్యరాశితో భాగిస్తే మిల్లీమోల్స్, కిలోలను భాగిస్తే కిలోమోల్స్. చెరువు లెక్కలు కిలోల్లోనే చేసుకోండి, టైట్రేషన్ (బ్యూరెట్‌తో కొలిచే) లెక్కలు మిల్లీగ్రాముల్లో. సున్నా జారిపోయే ప్రమాదం చాలా వరకు తప్పుతుంది.

సున్నపురాయి ప్రశ్నకు వద్దాం. సమీకరణం ఇది:

1 కాల్షియం కార్బొనేట్ → 1 కాల్షియం ఆక్సైడ్ + 1 కార్బన్ డయాక్సైడ్

ఇక్కడ ఉన్న 1, 1, 1 అనేవి మోల్స్. సమీకరణానికి తూకం తెలియదు. ఒక మోల్ రాయి నుంచి ఒక మోల్ సున్నం, ఒక మోల్ గ్యాసు వస్తాయని మాత్రమే అది చెబుతుంది. సగం సగం అన్న మాట మోల్స్‌లో నిజమే, కిలోల్లో కాదు. ఎందుకంటే ఒక మోల్ సున్నం 56.08 గ్రాములు, ఒక మోల్ గ్యాసు 44.01 గ్రాములు. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేట్‌ను 100.09తో భాగిస్తే దాదాపు 0.999 కిలోమోల్స్. నిష్పత్తి 1:1 కాబట్టి సున్నం కూడా 0.999 కిలోమోల్స్, 56.08తో గుణిస్తే 56 కిలోలు. మిగిలిన 44 కిలోలు బట్టీ పైనుంచి గాలిలో కలుస్తాయి.

కాబట్టి దారి ఎప్పుడూ ఒకటే. ఇచ్చిన గ్రాములను దాని సొంత మోలార్ ద్రవ్యరాశితో భాగించి మోల్స్‌లోకి రావాలి. అక్కడ మాత్రమే సమీకరణంలోని గుణకాల నిష్పత్తి వాడాలి. ఆ తర్వాత కావలసిన పదార్థం మోలార్ ద్రవ్యరాశితో గుణించి బయటికి రావాలి. మొదటి మోలార్ ద్రవ్యరాశి లోపలికి వెళ్లే పదార్థానిది, రెండోది బయటికి వచ్చే పదార్థానిది. గ్రాముల మీద నేరుగా గుణకాల నిష్పత్తి వెయ్యకూడదు.

గుల్ల సున్నం బట్టీకైనా ఇదే లెక్క, గుల్లల్లో ఉండేది కూడా కాల్షియం కార్బొనేటే. అయితే నిజమైన రాయిలో మట్టి, ఇసుక కూడా ఉంటాయి. రాయి 90 శాతం స్వచ్ఛమైతే 100 కిలోల్లో 90 కిలోలే కార్బొనేట్. అందులోంచి వచ్చే సున్నం 50.4 కిలోలు. కానీ కాటా మీద 60.4 కిలోలు తూగుతుంది, ఆ మట్టి పది కిలోలూ గ్యాసై పోవు కదా, బూడిదతో పాటు అక్కడే ఉంటాయి. 'స్వచ్ఛమైన రాయికన్నా ఎక్కువ దిగుబడి వచ్చింది' అని ఎవరైనా సంతోషపడితే ఈ పది కిలోలు గుర్తుచేయండి.

స్వచ్ఛత దగ్గర చేసే తప్పు ఇంకొకటి ఉంది. మీ దగ్గర ఉన్న ముడి సరుకులో అసలు పదార్థం ఎంతో తేల్చాలంటే స్వచ్ఛతతో గుణించాలి. కావలసిన అసలు పదార్థానికి ఎంత ముడి సరుకు తూచాలో తేల్చాలంటే స్వచ్ఛతతో భాగించాలి. 144 కిలోల స్వచ్ఛమైన తడి సున్నం కావాలి, బస్తా మీద 85 శాతం అని ఉంది. 144 ÷ 0.85 = 169 కిలోలు తూచాలి. గుణించి 122 కిలోలు వేశారంటే మందు తక్కువైనట్టే. మలినం ఉన్న సరుకు ఎప్పుడూ స్వచ్ఛమైన దానికన్నా ఎక్కువే పడుతుంది, ఈ ఒక్క మాటతో సరిచూసుకోండి.

ఇక ఆల్కలినిటీ. మీ పనిలో రోజూ వచ్చేది ఇదే కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను. ఒక ఎకరం చెరువు, సగటు నీటి లోతు 1.2 మీటర్లు. ఎకరం 4047 చదరపు మీటర్లు, కాబట్టి నీరు 4856 ఘనపు మీటర్లు. లోతు గట్టు దగ్గర కొలిచి వదిలెయ్యొద్దు, నాలుగైదు చోట్ల కర్ర దింపి సగటు తియ్యండి. లోతులో 20 సెంటీమీటర్లు తప్పితే మోల్స్ ఎంత కచ్చితంగా లెక్కించినా ప్రయోజనం లేదు.

ఆల్కలినిటీ 80 పీపీఎం ఉంది, 120కి తీసుకురావాలి. పెరగాల్సింది 40 పీపీఎం, అంటే ఒక ఘనపు మీటరుకు 40 గ్రాములు. ఏ పదార్థం గ్రాములు? రిపోర్టులో రాసే ఆల్కలినిటీ ఎప్పుడూ 'కాల్షియం కార్బొనేట్‌గా' లెక్కించినదే. నీటిలో అది బైకార్బొనేట్ రూపంలో ఉన్నా సరే, దానికి సమానమైన కాల్షియం కార్బొనేట్ ఎంతో అదే రాస్తాం. కాబట్టి కావలసింది 4856 × 40 = 1,94,240 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌తో సమానమైన ఆల్కలినిటీ. 100.09తో భాగిస్తే 1941 మోల్స్.

రైతు వేసేది బేకింగ్ సోడా, అంటే సోడియం బైకార్బొనేట్, మోలార్ ద్రవ్యరాశి 84.01. ఇక్కడే అందరూ పడతారు. 1941ని 84.01తో గుణించి 163 కిలోలు అని చెప్పేస్తారు. సోడా వేశాక ఆల్కలినిటీ 120కి బదులు 100 దగ్గర ఆగిపోతుంది, సరుకు కల్తీదని అనుమానపడతారు. సరుకు బాగానే ఉంటుంది, నిష్పత్తే తప్పు. ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ రెండు మోల్స్ ఆమ్లాన్ని తటస్థం చెయ్యగలదు. ఒక మోల్ సోడియం బైకార్బొనేట్ ఒక మోల్ ఆమ్లాన్నే చెయ్యగలదు. కాబట్టి ఒక మోల్ కార్బొనేట్‌కు బదులు రెండు మోల్స్ బైకార్బొనేట్ కావాలి. 1941 × 2 × 84.01 = 326 కిలోలు.

అదే పనికి తడి సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్ అయితే నిష్పత్తి 1:1, ఎందుకంటే దానికీ రెండు ఆమ్లాల శక్తి ఉంది. 1941 × 74.09 = 144 కిలోలు. అంకె చూస్తే సున్నం చవకగా, తక్కువగా కనిపిస్తుంది. కానీ లెక్క చెప్పేది ఆల్కలినిటీ ఎంత పెరుగుతుందో మాత్రమే, పీహెచ్ ఎంత ఎగురుతుందో కాదు. రొయ్య ఉన్న చెరువులో 144 కిలోల తడి సున్నం ఒక్కసారి వేస్తే పీహెచ్ పైకి పోయి, నీటిలో ఉన్న అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. బైకార్బొనేట్‌తో ఆ భయం తక్కువ. దాన్నైనా మూడు నాలుగు దఫాలుగా వెయ్యమనండి, ప్రతి దఫా తర్వాత ఆల్కలినిటీ చూసి మిగతాది సర్దుకోమనండి. ఇక రాతి పొడి, అంటే కాల్షియం కార్బొనేట్ పొడే వేస్తామంటే 194 కిలోలని లెక్క వస్తుంది గానీ, పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో అది సరిగా కరగదు, అడుగున మట్టిలో పడి ఉంటుంది. కరగనిది చర్యలో పాల్గొనదు. మోల్స్ లెక్కకు ఈ సంగతి తెలియదు, మనకు తెలియాలి.

ఆక్సిజన్ పడిపోయినప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసే అలవాటు కూడా ఉంది కాబట్టి ఆ లెక్క ఒకటి చూపిస్తాను. ఇందులో మూడు ఉచ్చులు ఒకేచోట ఉన్నాయి.

2 హైడ్రోజన్ పెరాక్సైడ్ → 2 నీరు + 1 ఆక్సిజన్

పైన చెప్పిన ఎకరం చెరువులోనే డిఓ ఒక్క పీపీఎం పెరగాలంటే 4.856 కిలోల ఆక్సిజన్ కావాలి. 32.00తో భాగిస్తే 0.1518 కిలోమోల్స్ ఆక్సిజన్. నిష్పత్తి 2:1 కాబట్టి పెరాక్సైడ్ 0.3035 కిలోమోల్స్. 34.01తో గుణిస్తే 10.3 కిలోల పెరాక్సైడ్. క్యానులో ఉన్నది 50 శాతం ద్రావణం కాబట్టి 0.50తో భాగిస్తే 20.6 కిలోల ద్రావణం. రైతు కొలిచేది లీటర్లలో. ఈ ద్రావణం లీటరు సుమారు 1.2 కిలోలు తూగుతుంది, కాబట్టి సుమారు 17 లీటర్లు. నిష్పత్తి మర్చిపోతే సగమే పోస్తారు, శాతం మర్చిపోయినా సగమే పోస్తారు, కిలోలు లీటర్లు ఒకటే అనుకుంటే ఐదో వంతు ఎక్కువ పోస్తారు. ఇది కూడా ఆక్సిజన్ అంతా నీటిలోనే నిలిచినప్పటి లెక్క. కొంత బుడగలై పోతుంది, అడుగు బురదలోని సేంద్రియం కొంత తినేస్తుంది. పెరాక్సైడ్ ముట్టుకునేవాళ్లు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, 50 శాతం ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది.

గుళికల రూపంలో దొరికే సోడియం పెర్‌కార్బొనేట్‌లో రెండు సోడియం కార్బొనేట్‌లతో మూడు పెరాక్సైడ్‌లు కలిసి ఉంటాయి. ఆ యూనిట్ 314.0 గ్రాములు, అందులోంచి వచ్చే ఆక్సిజన్ ఒకటిన్నర మోల్, 48 గ్రాములు. అంటే స్వచ్ఛమైన దాంట్లో కూడా 15.3 శాతమే ఆక్సిజన్. అదే ఒక్క పీపీఎంకు దాదాపు 32 కిలోలు కావాలి. ఎకరానికి ఒక కిలో చల్లి డిఓ పెరిగిందని ఎవరైనా చెబితే ఈ లెక్క వాళ్ల ముందు పెట్టండి.

మళ్లీ వింక్లర్‌కు వస్తాను, ఎందుకంటే నిష్పత్తి ఎలా గొలుసుకట్టుగా వెళుతుందో దాంట్లోనే బాగా కనిపిస్తుంది. సీసాలో మాంగనీస్ సల్ఫేట్, క్షార అయోడైడ్ వేస్తే నీటిలోని ఆక్సిజన్ మాంగనీస్‌ను పట్టుకుని గోధుమరంగు అవక్షేపం అవుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. ఒక ఆక్సిజన్ అణువు రెండు మాంగనీస్‌లను ఆక్సీకరణ స్థితిలో పైకి తీసుకెళుతుంది. ఆమ్లం పోశాక ఆ రెండూ రెండు అయోడిన్ అణువులను విడుదల చేస్తాయి. ఒక్కో అయోడిన్‌కు రెండు హైపోలు. మొత్తం మీద ఒక ఆక్సిజన్‌కు నాలుగు హైపోలు. ఒక మోల్ హైపో అంటే 32 ÷ 4 = 8 గ్రాముల ఆక్సిజన్. 0.025 మోలార్ హైపో ఒక మిల్లీలీటరులో 0.025 మిల్లీమోల్ ఉంటుంది, 8తో గుణిస్తే 0.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్. 200 మిల్లీలీటర్ల అసలు నీటికి టైట్రేట్ చేస్తే ఒక మిల్లీలీటరు హైపో సరిగ్గా ఒక పీపీఎం. 0.025 అనే బలం అందుకే ఎంచుకున్నారు, బ్యూరెట్ రీడింగే డిఓ అవుతుందని. ఈ సౌకర్యం వల్లే చాలామంది లెక్క మరిచిపోయి రీడింగును రాసేస్తారు, ద్రావణం బలం తప్పినా తెలియదు.

300 మిల్లీలీటర్ల సీసాలో మొదటి రెండు రసాయనాలు రెండేసి మిల్లీలీటర్లు వేస్తే నాలుగు మిల్లీలీటర్ల నీరు పొంగి పోతుంది. అందుకని ఫ్లాస్కులోకి 200 కాదు, 203 మిల్లీలీటర్లు తియ్యాలి. ఒక్కో మిల్లీలీటరే వేస్తే 201. స్టార్చ్ మొదట్లోనే వెయ్యొద్దు. ద్రావణం లేత గడ్డి రంగుకు వచ్చాక వెయ్యండి, నీలం పోయి తెల్లబడిన మొదటి చుక్క దగ్గర ఆపండి. కాసేపటికి నీలం మళ్లీ వస్తే పట్టించుకోవద్దు. మీ చెరువుల్లో నైట్రైట్ ఉంటుంది కాబట్టి క్షార అయోడైడ్‌లో సోడియం అజైడ్ కలిసినదే వాడండి. లేకపోతే నైట్రైట్ కూడా అయోడిన్‌ను విడుదల చేసి డిఓను ఎక్కువ చూపిస్తుంది. అజైడ్ విషం, ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది, జాగ్రత్త.

కొత్త హైపో కలిపేటప్పుడు మరిగించి చల్లార్చిన డిస్టిల్డ్ వాటర్‌లో 6.205 గ్రాముల పెంటాహైడ్రేట్ వేసి, 0.4 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ కూడా కలిపి లీటరుకు నింపండి. అది బ్యాక్టీరియా హైపోను తినకుండా కాపాడుతుంది. స్ఫటికాల పైన తెల్లటి పొడి కట్టి ఉంటే వాటిలో నీరు కొంత పోయినట్టు, వాటి మోలార్ ద్రవ్యరాశి 248కీ 158కీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఎంత జాగ్రత్తగా తూచినా నమ్మకూడదు. అందుకే స్టాండర్డైజ్ చెయ్యాలి, అంటే బలం తెలిసిన ద్రావణంతో పోల్చి దీని నిజమైన బలం తేల్చాలి.

దానికి పొటాషియం డైక్రోమేట్ వాడండి, 294.18 గ్రాములు ఒక మోల్. ఒక డైక్రోమేట్ మూడు అయోడిన్‌లను విడుదల చేస్తుంది, అవి ఆరు హైపోలను తీసుకుంటాయి. ఎండబెట్టిన డైక్రోమేట్ 1.226 గ్రాములు లీటరుకు కరిగిస్తే అది 0.004167 మోలార్, ఆరుతో గుణిస్తే 0.025కి సరిపోతుంది. 20 మిల్లీలీటర్ల డైక్రోమేట్‌కు పొటాషియం అయోడైడ్, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి ఐదు నిమిషాలు చీకట్లో ఉంచి టైట్రేట్ చేస్తే సరైన హైపో 20 మిల్లీలీటర్లు దిగాలి. మీ ఇప్పటి ద్రావణంతో చేసి చూడండి, 31 దాటి దిగుతుంది. అలా 20కి బదులు 20.4 వచ్చిందనుకోండి, పారబొయ్యక్కర్లేదు. బలం 0.025 × 20 ÷ 20.4 = 0.0245 అని సీసా మీద తేదీతో రాసి, రీడింగును 0.98తో గుణించుకుంటే చాలు.

రెండు పదార్థాలు ఇచ్చినప్పుడు ఏది ముందు అయిపోతుందో చూడాలని కూడా రాశారు, పరిమిత కారకం సంగతి. కాకినాడ నాగార్జున ఫెర్టిలైజర్స్‌లో చేసిన యూరియా ఈ చర్యతోనే తయారయ్యేది:

2 అమ్మోనియా + 1 కార్బన్ డయాక్సైడ్ → 1 యూరియా + 1 నీరు

రెండూ 100 కిలోల చొప్పున ఇచ్చారనుకోండి. అమ్మోనియా 100 ÷ 17.03 = 5.872 కిలోమోల్స్. కార్బన్ డయాక్సైడ్ 100 ÷ 44.01 = 2.272 కిలోమోల్స్. రెండిటినీ నేరుగా పోల్చొద్దు. ఒక్కోదాన్ని దాని గుణకంతో భాగించండి: అమ్మోనియా 2.936, కార్బన్ డయాక్సైడ్ 2.272. చిన్నదే ముందు అయిపోతుంది. యూరియా 2.272 × 60.06 = 136.5 కిలోలు, నీరు 40.9 కిలోలు, మిగిలిపోయే అమ్మోనియా 1.328 కిలోమోల్స్, అంటే 22.6 కిలోలు. మూడూ కూడితే 200. మొదట వేసిన తూకం చివర తిరిగి వచ్చిందా లేదా అన్న ఈ కూడిక ఒక్క నిమిషం పని, కానీ నిష్పత్తి తప్పయినా మోలార్ ద్రవ్యరాశి తప్పయినా ఇది బయటపెడుతుంది. పరీక్షలో ఆన్సరు పక్కన ఈ కూడిక వేసుకోమని ఇంటర్ పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

చివరిగా మీరు అడగకపోయినా మీ రిజిస్టరులో తప్పు దొర్లే చోటు ఒకటి ఉంది. అమ్మోనియా, నైట్రైట్ కిట్లు రెండు రకాలుగా విలువ చూపిస్తాయి. కొన్ని 'నైట్రోజన్‌గా' చూపిస్తాయి, కొన్ని ఆ అయాన్ మొత్తంగా. ఒక మోల్ నైట్రైట్‌లో ఒక మోల్ నైట్రోజనే ఉంది, మోల్స్‌లో రెండూ ఒకటే. గ్రాముల్లోకి వచ్చేసరికి నైట్రైట్ 46.01, నైట్రోజన్ 14.01. కాబట్టి నైట్రోజన్‌గా 1 పీపీఎం అంటే నైట్రైట్‌గా 3.28 పీపీఎం. అమ్మోనియాకు ఆ తేడా 1.22 రెట్లే కాబట్టి అంతగా కనిపించదు. ఒక వారం ఒక కంపెనీ కిట్టు, ఇంకో వారం ఇంకో కంపెనీ కిట్టు వాడి ఒకే గడిలో అంకెలు రాసుకుంటూ పోతే, చెరువులో ఏమీ మారకపోయినా నైట్రైట్ మూడు రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. రైతు కంగారుపడి నీళ్లు మారుస్తాడు. కిట్టు పెట్టె మీద ఏది రాసి ఉందో చూసి, రిజిస్టరులో గడి పైన 'నైట్రైట్-నైట్రోజన్, పీపీఎం' అని గానీ 'నైట్రైట్, పీపీఎం' అని గానీ పూర్తిగా రాయండి. మారినప్పుడు 3.28తో గుణించో భాగించో ఒకే పద్ధతికి తెచ్చి రాయండి.